గండభేరుండానికి రాసిచ్చిన చెట్టు

ఒక పెద్ద అడవిలో, ముసలి సింహం గద్దెనెక్కిన తొమ్మిదో ఏడు, పుష్యమాసపు చలిలో పక్షుల లెక్క వచ్చింది. ఏటా వచ్చేదే. లెక్కలో పేరున్న జాతికి చెట్టు ఇస్తారు, పేరు లేని జాతికి ఇవ్వరు.

లెక్క సంఘానికి ఎలుగుబంటి భద్రయ్య పెద్ద. మెడలో రెండు వెదురు గొట్టాలు వేలాడేసుకుని తిరిగేవాడు గానీ, వాటిలోంచి ఎన్నడూ చూసింది లేదు. మంచులో ఏం కనబడుతుంది, పక్షిని చెవితోనే పట్టాలి అనేవాడు. అసలు సంగతి, తడిగడ్డిలో నడవడం ఆయనకు గిట్టదు.

కిందటేడు పక్క అడవి సంఘం నలభై జాతులు రాసుకుంది. ఇక్కడ ఇరవై ఆరే తేలాయి. ఆ అవమానంతో భద్రయ్యకు తేనె కూడా సహించలేదు.

అందుకని ఏట్రింత పోలయ్యను చాటుగా పిలిచాడు. పోలయ్య నల్లటి చిన్న పిట్ట, ఏ పక్షి కూతనైనా అచ్చు దించేస్తాడు. అతనూ భార్యా ఏటిపక్క మద్దిచెట్టు మీద ఉంటారు. పొదలో దాక్కుని నలభై ఒక్క కూతలు కూస్తే ఆ చెట్టు శాశ్వతంగా మీదేనన్నాడు భద్రయ్య. ఏటేటా చెట్టు కోసం దేవులాడే బాధ తప్పుతుందని పోలయ్య ఒప్పుకున్నాడు. గుట్టు బయటపడకుండా ఆ పూట నోరు మెదపొద్దని భార్యకు చెప్పి వచ్చాడు.

తెల్లారి లెక్క మొదలైంది. పోలయ్య కొంగలా అరిచాడు, కౌజులా అరిచాడు, ఈ అడవి మొహం ఎన్నడూ చూడని సముద్రపు పిట్టలా కూడా అరిచాడు. గుమాస్తా ముంగిస కళ్లు మూసుకుని తాటాకు మీద గీకుతూనే ఉంది. నలభై దగ్గర పోలయ్యకు సరుకు అయిపోయింది. గొంతు బొంగురుపోయి దగ్గూ కూతా ఒకేసారి వచ్చాయి.

ముంగిస గంటం ఆపింది. "రెండు గొంతులు కలిసి వచ్చాయండీ. ఇదేం పక్షి?"

"రెండు తలలుంటే రెండు గొంతులు రావూ," అన్నాడు భద్రయ్య. "గండభేరుండం. రాసుకో."

నలభై ఒకటి. భద్రయ్యను ఏనుగు మీద ఊరేగించారు. పక్క అడవివాళ్లు సిగ్గుతో మూడు రోజులు గుహలు వదిలి రాలేదట.

వారం తిరక్కుండా చెట్ల పంపకం జరిగింది. అంత గొప్ప పక్షికి చిన్న చెట్టు ఇస్తే బాగుండదని సభ మద్దిచెట్టును గండభేరుండానికి రాసింది.

పోలయ్య ముంగిస దగ్గర వాలాడు. అది తాటాకులన్నీ తిరగేసి, ఆ రోజు ఏట్రింత కూత ఒక్కటీ వినబడలేదంది. పోలయ్య అక్కడికక్కడే తన సొంత కూత కూశాడు.

"బాగానే దించావు," అంది ముంగిస. "నువ్వు ఎవరి గొంతైనా పలుకుతావని అడవంతా అంటారు. ఇది ఏట్రింతదేనని ఎలా నమ్మేది నాయనా?"

భద్రయ్య దగ్గరికి వెళ్తే ఆయన గొట్టాలు తుడుచుకుంటూ, ఒక్క గీత దిద్దితే తాటాకంతా దిద్దాలని, అడవి పరువు పోతుందని నచ్చజెప్పాడు.

"మరి నా చెట్టు?"

"గండభేరుండం రానీ పోలయ్యా. వచ్చాక నేనే అడిగి చూస్తాను. మంచి పక్షే అంటారు."

అడవిలో చెట్టు దొరకాలంటే ఉంటే చాలదు, లెక్కలో ఉండాలి; లెక్కలో ఉంటే ఇక ఉండక్కర్లేదు.

పోలయ్యా భార్యా ఆ చలికాలం తుమ్మముళ్లలో గడిపారు. మద్దిచెట్టు ఖాళీగా ఉంది.