బియ్యం డబ్బాలో మొహరు

ఆ ఆదివారం కొమురెల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే స్నానం చేయాలి, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాలి, బంగారు మొహరు తీసి పదింటికి వచ్చే రామచంద్రరావు చేతిలో పెట్టాలి. ఆ తర్వాత మూడేళ్ల కూతురు మానస చెవికి ఆపరేషను. ఆ తర్వాత పిల్ల నోట "నాయినా" అన్న పిలుపు. నాచారంలో లేతు మిషను మీద ఇనుము చెక్కుకునే మనిషికి ఇంతకంటే పెద్ద ఆశ ఏముంటుంది?

మానసకు పుట్టు చెవుడు. చెవిలో మిషను అమర్చితే మాట వస్తుందని డాక్టరు చెప్పాడు. దాని ఖరీదూ చెప్పాడు. అది విన్నాక కొమురెల్లికే కాసేపు చెవులు పనిచేయలేదు. అప్పుడు గుర్తొచ్చింది, చనిపోయిన తండ్రి పెట్టె అడుగున పడివున్న, ఉర్దూలాంటి రాతల బంగారు బిళ్ల. బస్సులో బంగారం పట్టుకుపోవడానికి ధైర్యం చాలక, దాన్ని ఒంటి సబ్బు మీద అటూ ఇటూ నొక్కి, ఆ సబ్బుతో ఏఎస్ రావు నగర్‌లో పాత నాణేలు కొనే రామచంద్రరావు దగ్గరికి వెళ్లాడు. రిటైరైన ఆ పెద్దమనిషి సబ్బును భూతద్దంలో చూసి కుర్చీలోంచి లేచాడు.

ఔరంగజేబు పోయాక కొడుకులు తన్నుకున్నారట. చిన్నవాడు హైదరాబాదులో ఉండి, అన్న మీద యుద్ధానికి సిపాయిలకు జీతాలివ్వడం కోసం కొట్టించిన మొహరట. గెలిచాడా అని అడిగాడు కొమురెల్లి.

"ఓడిపోయాడు, అందుకే ఇంత ధర. గెలిచుంటే ఇవి కోకొల్లలుగా దొరికేవి. బంగారందేముందండీ, ఏ కొట్లోనైనా ఉంటుంది. దీని విలువంతా ఈ అక్షరాల్లో ఉంది" అన్నాడు రామచంద్రరావు. మూడు నెలల్లో సొమ్ము కూర్చుకుని తనే ఉప్పల్‌లోని కొమురెల్లి ఇంటికి వచ్చి తీసుకుంటానన్నాడు. సబ్బు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఇక్కడే కొమురెల్లికి తెలివి మీరింది. తండ్రి సొత్తు కాబట్టి పీర్జాదిగూడలో ఉండే అన్న కనకరాజుకు తెలిస్తే సగం అడుగుతాడు. అమ్మకు చెబితే అన్నకు చెబుతుంది. భార్య సంతోషికి చెబితే అమ్మకు చెబుతుంది. అందుకని ఎవరికీ చెప్పకుండా బియ్యం డబ్బా అడుగున దాచి, ఎవరైనా పసిగడతారేమోనని మళ్లీ అటు తొంగి చూడలేదు. ఆ డబ్బాలో తల్లి శ్యామలమ్మ రోజూ చెయ్యి పెడుతుందన్న సంగతి, రోజూ ఆమె చేతి అన్నం తినే మహానుభావుడికి తట్టనే లేదు.

చెయ్యి పెట్టాడు, బియ్యమే. మోచేతి దాకా పెట్టాడు, బియ్యమే. డబ్బా బోర్లించాడు. గది నిండా బియ్యం, మొహరు లేదు. ఏం పోయిందని సంతోషి అడిగితే ఏం పోలేదన్నాడు. నేల మీద బియ్యం పరిచి జల్లిస్తున్నవాడు ఏం పోలేదంటే ఎవరు నమ్ముతారు? తల్లిని అడుగుదామంటే, మానసతో గంట కొట్టించాలని ఎల్లమ్మ గుడికి పోయింది. ఇంతలో, పోయిన వారం వదిన రాజ్యం వచ్చినప్పుడు ఈ బియ్యమే తీసి వండిందన్న మాట సంతోషి నోట జారింది. కొమురెల్లి అనుమానం వదిన మీదికి పోయింది.

అన్నకు ఫోను చేశాడు. మొహరు పేరెత్తడానికి లేదు. "అన్నా, మా బియ్యం డబ్బాలకెల్లి వదిన ఏమన్న తీస్కపోయిందా, జర అడుగు" అన్నాడు. అవతల ఫోను ఠక్కున పెట్టేశాడు కనకరాజు.

అరగంటలో కనకరాజు స్కూటరు మీద బియ్యం బస్తాతో దిగాడు. వెనకాల రాజ్యం కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. బస్తాను గడపలో ధన్‌మని పడేసి, పిడికెడు బియ్యానికి వదినను దొంగను చేసినవాణ్ణి ఈ బస్తా తిని బతకమన్నాడు. గల్లీ పెద్దమనిషినని తనకు తానే చెప్పుకునే బుచ్చిరాములు ఆ చప్పుడుకి వచ్చి, అన్నదమ్ములు వేరుపడుతున్నారని తీర్మానించుకుని, నేల మీది బియ్యాన్ని రెండు కుప్పలుగా పంచడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే రామచంద్రరావు సంచీతో వచ్చాడు. ఆయన వకీలేమోనని బుచ్చిరాములు కుర్చీ వేశాడు.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడితే పడిందని కొమురెల్లి ఉన్నదంతా చెప్పేశాడు.

కనకరాజు మొహం నల్లబడింది. "పోరి చెవులకెల్లి నేను సగం అడుగుతననుకున్నవారా?" అన్నాడు. అరిచినా బాగుండేది, అరవలేదు. కొమురెల్లి సిగ్గుతో చచ్చిపోయాడు.

అప్పుడు బస్తా దాటుకుని శ్యామలమ్మ లోపలికి వచ్చింది, చంకలో మానసతో. విషయం విని, ఇంతదానికేనా ఈ రభస అని బొడ్లోంచి చిన్న సంచి తీసి, మొహరును రామచంద్రరావు చేతిలో పెట్టింది.

"బియ్యంల లచ్చిమి ఉండాలని నువ్వే పెట్టినవనుకున్న కొడుకా. బంగారం అరగదీసి తేనెల నాకిస్తే పిల్లలకు మాట వస్తదంటరు గదా. దినాం పొద్దుగాల సాన మీద రుద్ది నాకిస్తున్న. ఒక్క దిక్కే అరుగుతదని, ఒకనాడు ఈ దిక్కు, ఒకనాడు ఆ దిక్కు" అంది.

రామచంద్రరావు భూతద్దం పెట్టి చూశాడు, తిప్పి చూశాడు. సంచీలోంచి సబ్బు తీసి పక్కన పెట్టుకుని చూశాడు. సబ్బు మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మొహరు మీద ఒక్కటీ లేదు.

"ఇప్పుడిది ఉత్త బంగారమండీ" అని, మొహరూ సబ్బూ కొమురెల్లి చేతిలో పెట్టి, తలవంచుకుని వెళ్లిపోయాడు.

శ్యామలమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక బియ్యంలోనే కూలబడింది. కాలు తగిలి ఖాళీ డబ్బా గణగణమని గోడ దాకా దొర్లింది. అందరూ ఉలిక్కిపడ్డారు. మానస ఒక్కతే తల తిప్పకుండా వేలికంటిన తేనె చీకుతోంది.

"నాకొక్క మాట చెప్పకపోతివి బిడ్డా. నా చేతులతోటి నేనే దాని నోరు కట్టేసిన" అని ఏడ్చింది ముసలామె. కొమురెల్లి కూడా ఏడ్చాడు, తల్లి ఒళ్లో తల పెట్టి. కనకరాజు బుచ్చిరాములును పక్కకు జరగమని, ఆయన పంచిన రెండు కుప్పలనూ చేతులతో ఒకటి చేసి, డబ్బాలోకి ఎత్తాడు. రాజ్యం, సంతోషి కలిసి పొయ్యి ముట్టించారు. అన్నదమ్ములను తన్నించడానికే పుట్టిన మొహరుకు ఆ పూట ఆ పనీ చేతకాలేదు.

మర్నాడు పొద్దున్న వంటింట్లోంచి మళ్లీ సాన చప్పుడు వినిపించింది. కొమురెల్లి వద్దనలేదు. మూడు వందల ఏళ్ల నాటి అక్షరాలన్నీ మానస కడుపులోకి చేరాయి. ఇక ఒక్కటైనా బయటికి రావడమే మిగిలింది.