ఆరు గుడ్లు, ఒక ప్యాంటు

కోడిగుడ్లు ఉడకబెట్టడం కూడా ఒక పనేనా అని ఆ రోజు పొద్దున్న టైలరు నవ్వాడు. గిన్నెలో నీళ్ళు పొయ్యాలి, గుడ్లు వెయ్యాలి, స్టవ్ వెలిగించాలి. ఆపైన ఉడకడం గుడ్ల పని. మనిషి చెయ్యాల్సిందల్లా కాసేపు ఓపిక పట్టడం. ఏళ్ళ తరబడి కాలర్లూ జేబులూ కుట్టి జనాన్ని మెప్పించినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాడు. అలా అనుకున్నవాళ్ళ గతి ఏమవుతుందో లోకానికి తెలుసు గానీ, పొద్దున్నపూట టైలరుకు ఎవరు చెప్పాలి.

గుడ్ల గొడవ ఊరికే రాలేదు. టైలరు భార్య ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఆమెను వేరే ఊళ్ళో మూడు నెలల ట్రైనింగుకు పంపుతామన్నారు. తిరిగి వస్తే ల్యాబు మొత్తానికి ఆమే పెద్ద. ఇదివరకు ఒకసారి ఇలాగే అడిగితే, తను లేకపోతే ఇల్లు ఏమైపోతుందోనని వద్దనేసింది. ఆమెకు బదులు వెళ్ళొచ్చిన పిల్ల, ఈమె దగ్గరే సూది పట్టుకోవడం నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు ఈమెకే పనులు పురమాయిస్తోంది. ఆ సంగతి ఆమె ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా టైలరుకు హాయిగా ఉండేది. ఈసారి ఎలాగైనా ఆమెను పంపి తీరాలని ఆయన పట్టుపట్టాడు. వెళ్తుందో లేదో ఆ పూట డ్యూటీకి బయల్దేరేలోపే పెద్ద డాక్టరుకు చెప్పాలి.

"ఏవండీ, ఒక్క పని చెయ్యండి," అంది ఆమె. "నేను గదిలో కూర్చుంటాను. వంట జోలికి రాను, మాట సాయం కూడా చెయ్యను. ఆరు గుడ్లు ఉడకబెట్టండి. నేను బయల్దేరేలోపు సరిగ్గా ఉడికిన గుడ్డు ఒక్కటి నా చేతిలో పెడితే వెళ్తాను. లేదంటే ఇంక ఆ ట్రైనింగు మాట ఎత్తద్దు."

"ఇంతేనా?"

"ఇంతే."

"ఆరెందుకు, డజను పెడతాను."

"ముందు ఆరు పెట్టండి," అని ఆమె గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ ఇంట్లో ఒక చట్టం ఉంది. చేసింది కూడా ఆమే. ఒకసారి పాలగిన్నె స్టవ్ మీద పెట్టి అందరూ మరిచిపోతే, పాలు ఇగిరి, గిన్నె మాడి, పక్కనున్న కిటికీ తెర అంటుకోబోయింది. ఆనాటి నుంచి, ఎదురుగా మనిషి లేకుండా స్టవ్ మండుతూ కనిపిస్తే, చూసినవాళ్ళు ఎవరైనా సరే, ఎందుకు ఏమిటని అడక్కుండా ఆపెయ్యాలి. అది అందరికీ ఎంతగా ఒంటబట్టిందంటే, చుట్టాలింటికి వెళ్ళినా వాళ్ళ స్టవ్‌లు ఆపేసి మాటలు పడి వచ్చేవాళ్ళు.

టైలరు చట్టానికి కట్టుబడి స్టవ్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళలో ఇంకా బుడగ కూడా లేవలేదు, ముందుగదిలో ఎవరో దగ్గారు. ముందుగదే ఆయన దుకాణం. వచ్చింది హెడ్మాస్టారు. చేతిసంచీని వెనక అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"టైలరు గారూ, స్కూటరు ఎక్కుతుంటే వెనక కుట్టు మొత్తం పోయిందండీ. బడి గంట కొట్టేలోపు నేను అక్కడుండాలి. మీరే దిక్కు."

అలా అడిగినవాణ్ణి కాదని ఎలా పంపుతాడు. కొలతలు తీసే చోట కట్టిన తెర వెనక్కి హెడ్మాస్టారిని పంపి, తెర పైనుంచి ప్యాంటు అందుకుని, దాన్ని మిషను మీద పడేసి, ఒక్క పరుగున వంటింట్లోకి వచ్చాడు. స్టవ్ ఆగి ఉంది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి.

కూతురు స్నానాలగదిలో ఉంది, నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఇక మిగిలింది హాల్లో పేపరు చదువుకుంటున్న టైలరు తల్లి.

"అమ్మా, స్టవ్ ఎందుకాపావు?"

"నేనా? నేను ఈ కుర్చీలోంచి లేస్తేగా."

"మరి దానంతట అదే ఆగిపోయిందా?"

"నన్నడుగుతావేంట్రా. ఈ ఇంట్లో ఏం జరిగినా ముందు నా మీద పడతారు. మీ నాన్నా ఇంతే, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని నన్ను వెతకమనేవాడు."

టైలరు నమ్మలేదు. నమ్మలేదని ఆయన మొహమే చెప్పింది, ఆవిడ మొహం ముడుచుకుంది. అవసరం తనది కాబట్టి ఆయనే తగ్గాడు. బతిమాలాడు, బుజ్జగించాడు, గుడ్లు ఉడికేదాకా స్టవ్ ముందు నిలబడమని ప్రాధేయపడ్డాడు.

"సరేలే, నిలబడతాను. కోడలి ముందు నీ పరువు పోతే నాకేమన్నా ముచ్చటా," అని ఆవిడ పేపరు మడిచింది.

టైలరు మళ్ళీ స్టవ్ వెలిగించి వెళ్ళి ప్యాంటు పట్టుకున్నాడు. ఆయన ఒకవైపు కుట్టు వేసేసరికి తల్లికి మోకాళ్ళు లాగాయి. నిలబడి కాపలా కాయమన్నాడు గానీ కూర్చుని కాస్తే తప్పేమిటని ఆవిడ హాల్లోకి కుర్చీ తెచ్చుకోవడానికి వెళ్ళింది. తను కూర్చునేది బరువు, పక్కనున్న తేలిక కుర్చీ మీద ఉతికిన బట్టలున్నాయి. బట్టలుంటే మడతపెట్టకుండా కుర్చీ తీసే మనిషి కాదావిడ.

సరిగ్గా అప్పుడే కూతురు తల తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చింది. స్టవ్ మండుతోంది, ఎదురుగా ఎవరూ లేరు. పద్ధతిగా పెరిగిన పిల్ల కదా, ఆపేసింది. నీళ్ళలోంచి ఆవిరి వస్తోంది కాబట్టి గుడ్లు ఉడికిపోయాయనుకుంది. ఉడికిన గుడ్లను చల్లటి నీళ్ళలో వేస్తే పెంకు సులువుగా వస్తుందని ఫోనులో ఎప్పుడో చూసింది. అదీ చేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. పొడిగుడ్డతో ఒక్కొక్కదాన్నీ తుడిచి, ఫ్రిజ్‌లో గుడ్లుండే అరలో, పచ్చిగుడ్ల పక్కన ముచ్చటగా సర్దిపెట్టి, గిన్నె కడిగి బోర్లించి వెళ్ళింది. రోజూ చెప్పినా మంచం మీద దుప్పటి మడవని పిల్లకు ఆ పూటే పనిమంతురాలు కావాలనిపించింది.

టైలరు కుట్టు ముగించి, ఇస్త్రీపెట్టె వేడెక్కడానికి పెట్టి వంటింట్లోకి వచ్చేసరికి తల్లి కుర్చీలో కూర్చుని పేపరు చదువుతోంది. ఎదురుగా స్టవ్ ఉంది. దాని మీద గిన్నె లేదు, కింద మంట లేదు.

"అమ్మా, దేనికి కాపలా కాస్తున్నావు?"

"నువ్వు కాయమంటేనే కాస్తున్నాను."

"గుడ్లేవి?"

"నువ్వు దించుకుపోలేదూ? నేను కుర్చీ తెచ్చేసరికే లేవు. పోన్లే, కాస్త ముందే దించావనుకున్నాను."

టైలరుకు తల ప్రాణం తోకకి వచ్చింది. కూతుర్ని పిలిచాడు. ఆ పిల్ల గర్వంగా ఫ్రిజ్ తలుపు తీసి చూపించింది. అరలో గుడ్లు బారులు తీరి ఉన్నాయి. అన్నీ తెల్లగా, అన్నీ చల్లగా, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"ఇందులో ఉడికినవేవే?"

కూతురు ఒకటి పట్టుకుంది, వదిలేసింది. ఇంకోటి పట్టుకుంది. "ఇటువైపు పెట్టినట్టున్నాను నాన్నా. లేదు, అటు."

"అన్నీ కలిపి మళ్ళీ ఉడకెయ్యరా," అంది తల్లి.

"టైమెక్కడుందమ్మా. ఆవిడ చెప్పులేసుకునే వేళయింది."

"తిప్పితే తెలుస్తుంది నాన్నా," అంది కూతురు. "ఉడికింది బొంగరంలా తిరుగుతుంది. పచ్చిది తడబడుతుంది."

మాట నిజమే. కానీ వంటింటి గట్టు ఏటవాలుగా ఉంది. భోజనాల బల్లకు ఒక కాలు పొట్టి. ఇంట్లో సమంగా ఉన్నది దుకాణంలో బట్ట కత్తిరించే బల్ల ఒక్కటే. దాని మీద ఒక పక్క హెడ్మాస్టారి ప్యాంటు ఇస్త్రీకి పరిచి ఉంది. తండ్రీ కూతుళ్ళు గుడ్లన్నీ పళ్ళెంలో పెట్టుకుని దుకాణంలోకి వచ్చారు. తల్లి వెనకే వచ్చింది. తెర పక్కనుంచి హెడ్మాస్టారు తల బయటపెట్టాడు. ప్యాంటు కోసం చూస్తున్న మనిషికి పళ్ళెం నిండా కోడిగుడ్లు కనిపించాయి.

"నా ప్యాంటండీ?"

"అయిపోయిందండీ. ఇస్త్రీ ఒక్కటే," అన్నాడు టైలరు, గుడ్డు తిప్పుతూ.

గుడ్డు తిరిగింది. బొంగరంలా తిరగలేదు, పూర్తిగా తడబడనూ లేదు. ఉడకడం మొదలై మధ్యలో ఆగిపోయిన గుడ్డు ఎటు తిరగాలో దానికి మాత్రం ఏం తెలుస్తుంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఒక్కో గుడ్డు ఎన్నిసార్లు తడబడిందన్నదానికి తండ్రి ఒక మాట, కూతురు ఒక మాట. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటే ఏమిటో ఆ కుటుంబం మొత్తం కలిసి చూపించింది.

"ఇది మటుకు ఉడికింది," అన్నాడు టైలరు చివరికి ఒకటి ఎత్తి పట్టుకుని. "చూడు, ఎలా తిరిగిందో."

"దీనికింత తతంగం ఎందుకురా. పగలగొట్టి చూస్తే పోలా," అని తల్లి దాన్ని లాక్కుని బల్ల అంచుకు కొట్టింది.

అందులో తెల్లసొన కాస్త గడ్డకట్టిన మాట నిజమే. మిగతాదంతా పచ్చసొనతో సహా ఆవిడ వేళ్ళ సందుల్లోంచి జారి హెడ్మాస్టారి ప్యాంటు వెనకభాగం మీద, సరిగ్గా కొత్త కుట్టు మీద పడింది.

ముందు తేరుకున్నది కూతురే. "నేను చూసుకుంటా నాన్నా," అని తడిగుడ్డతో గబగబా తుడిచింది. తుడిస్తే మరక పోలేదు, వెడల్పయింది. తడి ఆరాలి కదా అని, వేడెక్కి ఉన్న ఇస్త్రీపెట్టె తీసి దాని మీద అదిమిపెట్టింది. టైలరు వద్దని చెయ్యి చాపేలోపే చుయ్యిమంది.

"ఆమ్లెట్టా?" అన్నాడు తెర వెనకనుంచి హెడ్మాస్టారు. "నాకేం వద్దండీ. ప్యాంటిస్తే చాలు."

కూతురు ఇస్త్రీపెట్టె ఎత్తింది. పొద్దుట్నుంచి ఇంత యాగీ చేస్తే ఆ ఇంట్లో పూర్తిగా ఉడికిన గుడ్డు అదొక్కటే, అదీ గుడ్డలోకి ఇంకి, గోరుతో గీకినా రాకుండా.

అప్పుడు వచ్చింది భార్య, భుజాన సంచీ తగిలించుకుని, చేతిలో ఫోనుతో. గుమ్మంలో ఆగి అందర్నీ చూసింది. భర్త చేతిలో పళ్ళెం. అత్తగారి వేళ్ళ నుంచి కారుతున్న సొన. కూతురి చేతిలో పొగలు కక్కుతున్న ఇస్త్రీపెట్టె. తెర కింద ప్యాంటు లేని రెండు కాళ్ళు.

"ఎవరాయన?" అంది.

"హెడ్మాస్టారు," అన్నాడు టైలరు.

"నమస్కారమమ్మా," అంది తెర.

ఇక సంజాయిషీలు మొదలయ్యాయి. స్టవ్ ఆపింది మనవరాలని నానమ్మ, కుర్చీ కోసం వెళ్ళింది నానమ్మని మనవరాలు, అసలు మొదట్లోనే అమ్మ స్టవ్ ఆపకపోతే ఇదంతా జరిగేదే కాదని టైలరు. తిలా పాపం తలా పిడికెడు పంచుకోవాల్సింది పోయి, ఎవరి పిడికెడు వాళ్ళు పక్కవాళ్ళ చేతిలో పోస్తున్నారు. భార్య ఫోనులో టైము చూసుకుంది. అది చూసి టైలరే ముందు నీరుగారిపోయాడు.

"నా వల్ల కాలేదు," అన్నాడు. "ఒక్క గుడ్డు ఉడకబెట్టలేకపోయాను. కానీ నువ్వు వెళ్ళు. పందెం గిందెం వదిలెయ్యి. పచ్చివి తాగుతాం, మాడినవి తింటాం, ఏదో పడతాం. ఆ పిల్ల నీకు పనులు చెప్తుంటే నువ్వు తలూపి వస్తున్నావని తెలిసీ ఇన్నాళ్ళు అన్నం తిన్నాను. మళ్ళీ మా మూలంగా ఆగిపోయావంటే నాకు నిద్ర పట్టదు."

ఆమె పళ్ళెంలోని గుడ్లకేసి చూసింది.

"మొదటిసారి ఆపింది అత్తయ్య కాదు," అంది మెల్లగా. "నేను."

"నువ్వా?"

"మంచినీళ్ళకని వచ్చాను. స్టవ్ మండుతోంది, ముందు ఎవరూ లేరు. ఆపేశాను, నీళ్ళు తాగాను, వెళ్ళిపోయాను. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. మీరు అత్తయ్యని నిలదీస్తుంటే గదిలోంచి విన్నాను, అప్పుడు తెలిసింది నేనేం చేశానో."

"అప్పుడే చెప్పచ్చు కదా."

"మాట సాయం చెయ్యనన్నాను కదా."

"విన్నావుట్రా," అంది తల్లి, సొన చేతిని కొడుకు భుజానికే తుడుస్తూ.

టైలరు నోరు తెరిచేలోపు భార్య చేతిలో ఫోను మోగింది. పెద్ద డాక్టరు. ఆమె ఫోను ఎత్తింది.

"వెళ్తాను సార్... ఆ, వచ్చే వారమే బయల్దేరతాను... ఇంట్లోవాళ్ళా? వాళ్ళెప్పుడో ఒప్పుకున్నారండీ. అడ్డం పడుతున్నది నేనే."

ఫోను పెట్టేసి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పులు వేసుకుంది. గుమ్మం దిగబోతూ భర్త చొక్కా భుజం మీద సొన మరక చూసింది. చెయ్యి దానంతట అదే లేచింది, కానీ ఈసారి ఆమె దాన్ని మధ్యలోనే ఆపి సంచీ పట్టీ సర్దుకుంది.

"మీరే తుడుచుకోండి," అని వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా టైలరు గుమ్మంలోనే నిలబడ్డాడు. గెలిచినందుకు నవ్వుదామనుకున్నాడు గానీ, మూడు నెలలంటే ఎన్ని పూటలో అప్పుడే లెక్క తట్టి నవ్వు రాలేదు. దూరంగా బడి గంట కొట్టారు. తెర వెనక హెడ్మాస్టారు నిట్టూర్చాడు.

"సరేరా, వంట నీదే కదా," అంది తల్లి. "అలవాటవుతుంది, ఇవాళే మొదలుపెట్టు. మధ్యాహ్నానికి ఏం చేస్తున్నావు?"

టైలరు కొలత టేపు అందుకుని కొత్త ప్యాంటుకు హెడ్మాస్టారి నడుము కొలవడానికి తెర వెనక్కి వెళ్ళాడు. ఆ పని ఆయనకు వచ్చు.