నలభై గొర్రెల సాఫ్ట్‌వేర్

"పని చేసేవాడు కూలీ, చేయించేవాడు కంపెనీ!"

ఈ మహావాక్యం 2013లో కోదాడలో, నా జిరాక్స్ షాపు మేడ మీద వెలువడింది. పలికినవాడు మా స్టార్టప్ వ్యవస్థాపకుడు ధర్మేందర్. విన్నవాణ్ని నేను, భాస్కర్‌ని. మేడకు కిరాయి అడగనందుకు జనరల్ మేనేజర్ హోదా పొందినవాణ్ని!

సూర్యాపేట, మిర్యాలగూడ సంతల్లో గొర్రెల ధరలు ఫోన్‌లో చూపించే సాఫ్ట్‌వేర్ మా ఆశయం. నడిగూడెం టీచరు స్టీఫెన్ గారి కూతురు దీప వచ్చింది. కోదాడలోనే ఇంజినీరింగ్ చదివిన పిల్ల.

"మూడు నెలల్ల నేనే చేసిస్త సార్. నౌకరీ ఇయ్యుండ్రి."

ఆమె అటు వెళ్లగానే ధర్మేందర్ పెదవి విరిచాడు. "కోదాడల చేసిండ్రంటే మనల్ని ఎవడు దేకుతడు?"

దరఖాస్తు వెనక్కిచ్చింది నేనే. పైగా హైదరాబాద్ వెళ్లి ప్రయత్నించమని హితబోధ కూడా చేశాను.

పని హైదరాబాద్ కన్సల్టింగ్ కంపెనీకి వెళ్లింది. వాళ్ల ఫీజు కోసం ధర్మేందర్ తండ్రి పెద్దయ్య చిలుకూరులోని తన మందలోంచి నలభై గొర్రెలు అమ్మాడు. మిగిలినవి పదకొండు. ఆయన బతుకంతా ఆ మందే.

"మంద అప్పజెప్పినంక మేపేటోడు ఎవడో సూసినవా కొడుకా?"

"నాయినా, ఇది గొర్రెల ముచ్చట గాదు. సాఫ్ట్‌వేర్!"

ఆరు నెలలకు ఫంక్షన్ హాల్లో ప్రారంభోత్సవం. పూలదండలు, బిర్యానీ, కోటు తొడుక్కున్న కన్సల్టెంటు. "ఇది అచ్చంగా హైదరాబాద్ సరుకు!" అని ప్రకటించి ధర్మేందర్ ఫోను తండ్రి చేతికిచ్చాడు. తెర మీది మొదటి ప్రశ్నను నేను చదివి వినిపించాను: "గొర్రెకు ఎన్ని పళ్లు?"

పెద్దయ్య కళ్లు పెద్దవయ్యాయి. "వయసు అడగలే, పళ్లడిగింది! పళ్లు సూస్తేనే గద గొర్రె ఈడు తెలిసేది. గొర్రె నోరు తెరిసి సూసినోళ్లే రాసిండ్రు దీన్ని. ఎవలు బాబూ?"

కన్సల్టెంటు మంచినీళ్లు తాగాడు. "అంటే... మేము వేరే కంపెనీకి ఇచ్చాం. వాళ్లు ఇంకొకరికి..."

వెనక వరసలోంచి దీప లేచింది. "ఆ ఇంకొకరు నేనే తాతా. ఎండకాలం మీ మంద కాడికొచ్చి పళ్ల సంగతి అడగలేదా?"

"నువ్వా బిడ్డా! మరి నా నలభైల నీకెన్ని వచ్చినయ్?"

దీప మనసులోనే లెక్క వేసుకుంది. "మూడు, తాతా."

హాలంతా ఘొల్లుమంది. నాకు మాత్రం నిజంగా సిగ్గేసింది.

ధర్మేందర్ పరుగున వేదిక దిగాడు. "రేపే నౌకరీల చేరమ్మా!"

"రెండేండ్ల దాంక మీ దగ్గర సీదా చేరొద్దని పని ఇచ్చినోళ్లు సంతకం పెట్టించుకున్నరు సార్. వాళ్లనే అడుగుండ్రి."

మా వ్యవస్థాపకుడు తొణకలేదు. కన్సల్టెంటు వైపు తిరిగి, దీపను చూపిస్తూ గంభీరంగా అన్నాడు: "మాకు హైదరాబాద్ నుంచి ఒక ఎక్స్‌పర్ట్ కావాలె. ఈ అమ్మాయినే పంపుండ్రి."

పెద్దయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఈపాలి ఎన్ని అమ్మాలె కొడుకా? ఉన్నయి పదకొండే."