రెండు చెవుల నియమం

డిజిటల్ కెమెరా ప్రాథమిక శిక్షణ తరగతి దిగ్విజయంగా ముగిసిందని, చేరినవారందరూ ఉత్తీర్ణులయ్యారని, ఒకరిని ప్యాసు చేసి ఇంకొకరిని నొప్పించడం సంస్థ ఆశయాలకే విరుద్ధమని నిర్వాహకులు ప్రకటించారు. ఆ ఉత్తీర్ణుల్లో అగ్రగణ్యులు హెడ్డుగారు. హెడ్ గుమాస్తా ఉద్యోగం వదిలి చాలా కాలమైనా, ఆ పిలుపు మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఆయన ఈ వయసులో కెమెరా పట్టడానికి కారణం మనవరాలు చిట్టి. గోడ పట్టుకుని నిలబడుతోంది, నేడో రేపో అడుగేస్తుంది. కూతురు తొలి అడుగేసిన రోజున ఆయన ఫైళ్ల మధ్య కూరుకుపోయి ఉన్నారు. ఆ ముచ్చట తీరలేదన్న బాధ అలాగే ఉండిపోయింది. ఈసారి చచ్చినా తప్పిపోకూడదని కొత్త కెమెరా కొని, బట్టల కొట్టు పైన గదిలో జరిగే క్లాసులో చేరారు.

పాఠాలు చెప్పే మాస్టారు జన్మంతా పాస్‌పోర్టు ఫోటోలే తీసిన మహానుభావుడు. ఊళ్లో ఆయన ముందు గడ్డం పైకెత్తని మనిషి లేడు. మొదటి రోజే గంభీరంగా ప్రసంగించారు.

"కళ అంటే క్రమశిక్షణ. తల నిటారుగా ఉండాలి. నవ్వు ఉండకూడదు. రెండు చెవులూ కనపడాలి. చెవి కనపడని ఫోటోని ఏ ఆఫీసూ తీసుకోదు."

ఆఖరి మాట హెడ్డుగారి గుండెల్లో నాటుకుపోయింది. అలాంటి ఫోటోలు అంటించిన దరఖాస్తుల్ని సర్వీసంతా తిప్పి పంపింది ఆయనే మరి.

విద్యార్థులు శ్రద్ధగా సాధన చేశారు. క్లాసులో చేరిన టీచరమ్మ తీసుకొచ్చిన పిచ్చుక ఫోటో చెవులు దొరకని కారణంగా తిరస్కరణకు గురైంది. డాక్టరుగారు, ఆయన భార్య ఒకరినొకరు చూసుకుంటున్న ఫోటోలో తలా ఒక చెవే ఉండటంతో, ఇద్దరినీ విడదీసి మళ్లీ తీయమని మాస్టారు సలహా ఇచ్చారు. వాళ్లూ సంతోషంగా విడిపోయి తీయించుకున్నారు.

క్లాసులు జరుగుతుండగానే ఒక సాయంత్రం చిట్టి గోడ వదిలేలా కనిపించింది. హెడ్డుగారు ఆజ్ఞలు జారీ చేశారు. వెనక తెల్లటి బ్యాక్‌గ్రౌండు ఉండాలి కాబట్టి కూతురూ అల్లుడూ చెరో కొసా పట్టుకుని దుప్పటి ఎత్తారు. దాని వెనక ఉండిపోవడంతో వాళ్లకేమీ కనపడలేదు. చేతులు ఖాళీగా ఉన్నది అమ్మమ్మ ఒక్కతే. చిట్టి గోడ వదిలేసింది. కిలకిలా నవ్వుతూ, తాతగారి వైపు నడిచింది. వెలుతురు బాగుంది, వేలు బటన్ మీదే ఉంది. కానీ ఒక చెవి జుట్టు కింద దాక్కుంది. హెడ్డుగారు నొక్కలేదు.

"నవ్వకమ్మా, జుట్టు వెనక్కి తోసుకో," అన్నారు కెమెరాలోంచే చూస్తూ. చిట్టి చతికిలపడి ఏడ్చింది.

తర్వాత పిల్లకి తల దువ్వి, ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక నిలబెట్టి, నియమాల ప్రకారం ఫోటో తీశారు. అందులో పిల్ల ఛాతీ దాకానే వచ్చింది. "తొలి అడుగు" అన్న పేరుతో దానికి క్లాసులో ప్రథమ బహుమతి ఇచ్చారు. అడుగు కనపడదు గానీ చెవులు రెండూ దివ్యంగా ఉన్నాయి.

చుట్టాలు ఫోటో చూసి మురిసిపోతుంటే అమ్మమ్మ ఉండబట్టలేక అంది. "తొలి అడుగు ఇది కాదు. అంతకుముందే నవ్వుకుంటూ మీ దగ్గరికే వచ్చిందండీ. ఎత్తుకుంటారని చేతులు కూడా చాపింది."

హెడ్డుగారు ఆ వేళ కెమెరాలో చూసింది చెవినొక్కదాన్నే. అయినా ఆయనకు నమ్మాలనే ఉంది. అంతలో ఎవరో ఎంతో మర్యాదగా, దానికి ఫోటో ఉందా అని అడిగారు. లేదు. అమ్మమ్మ కళ్లతో చూసిందంతే. కాబట్టి అలాంటి అడుగేదీ పడలేదని అందరూ ఏకగ్రీవంగా తేల్చేశారు.

పాఠకులు నొచ్చుకోనక్కర్లేదు, హెడ్డుగారిని తిట్టుకోనూ అక్కర్లేదు. ఆఖరిసారి మీ పిల్లలు మీ వైపు చేతులు చాపినప్పుడు, మీ చేతుల్లో ఏముందో కాస్త గుర్తు చేసుకుంటే చాలు.