ముప్పై ఎనిమిది సెకన్ల జాజ్

మానవజాతికి ఆపద వచ్చిన ప్రతిసారీ దాన్ని ఒడ్డుకు చేర్చింది జాజ్ సంగీతమేనని 2020 ఏప్రిల్ పన్నెండో తేదీ ఉదయం తొమ్మిది గంటలకు సూరత్ నగరంలో ఏకగ్రీవంగా తీర్మానించడమైనది! తీర్మానించినవారు సోమలింగం సేఠ్. ఏకగ్రీవం ఎలాగంటే, ఆ రోజు వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ తప్ప ఇంకెవరూ మాట్లాడే వీలు లేదు.

సేఠ్‌కు నవాగామ్ దగ్గర నలభై ఎనిమిది మరమగ్గాల షెడ్డుంది. ఆయన కాపురం మాత్రం నగరానికి ఆ కొసన, పద్నాలుగో అంతస్తులో. లాక్‌డౌన్ మొదలైన కొత్తలో ఎదురింటి వజ్రాల వ్యాపారి బాల్కనీలోంచి, "సోమలింగంభాయ్, ఇప్పుడు ఏ జాజ్ ఆల్బమ్ వింటున్నారు?" అని అడిగాడట. సేఠ్ తడుముకోకుండా "అన్నీ" అన్నాడట. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికే సూరత్ తెలుగు జాజ్ రసిక మండలి పుట్టింది. ఫోన్లో ఉన్న తెలుగు నంబర్లన్నీ సేఠ్ అందులో పడేశాడు. తనతో కలిపి నలభై రెండు మంది. నేను బట్టలకు రంగులేసే డయింగ్ మిల్లు ఆఫీసులో టైపిస్టును, పేరు నరహరి. ఇంగ్లీషు స్పెల్లింగులు తప్పు రాయనన్న అర్హత మీద నన్ను కార్యదర్శిని చేశాడు.

నియమావళి నేనే టైపు చేశాను. ప్రతి సభ్యుడూ తొమ్మిదికల్లా తాను ప్రస్తుతం వింటున్న ఆల్బమ్ పేరు, అట్ట మీది బొమ్మతో సహా పెట్టాలి. సినిమా పాట వింటూ దొరికితే వారం రోజులు వెలి. వినడం తప్పనిసరి అని మాత్రం ఎక్కడా రాయలేదు. రాయమని ఎవరూ అడగలేదు కూడా!

చీరల హోల్‌సేల్ వ్యాపారి అంబదాస్ అందరికంటే ముందుండేవాడు. "ట్రంపెట్స్ ఆన్ ఎ వెట్ స్టెయిర్‌కేస్. మూడోసారి వింటున్న. కండ్లల్ల నీళ్లొచ్చినయ్" అని వాయిస్ పెట్టేవాడు. ఆ వాయిస్ వెనకాల వాళ్లింటి టీవీలో డప్పుల పాట మోగుతుండేది. "అంబదాస్ గారిది రసహృదయం" అని నేను జవాబు రాసేవాణ్ని. నా సంగతీ అంతే. ఇంటర్నెట్‌లో వెతికి నాలుగు వాక్యాలు దించేవాణ్ని.

మా ఆవిడ స్వరాజ్యం చీరలకు రాళ్లు అంటిస్తూ ఓ రోజు అడిగింది. "ఏందయ్యా పొద్దుగాల్నే గా రాసుడు?"

"జాజ్ వింటున్న."

"చెవుల ఏం లేదు గదా!"

కళ తెలియనివాళ్లతో వాదించకూడదని ఊరుకున్నాను.

ఏప్రిల్ ఇరవై ఏడున లస్మయ్య ఓ వాయిస్ పెట్టాడు. లస్మయ్య సేఠ్ షెడ్డులో ఫిట్టరు. నంబరుండడం వల్ల మండలిలో పడ్డాడు గానీ అంతవరకు నోరు విప్పలేదు. కింద ఒక్క అక్షరం లేదు. ముప్పై ఎనిమిది సెకన్లు. కార్యదర్శిని కదా, మొత్తం విన్నాను. టకాధక టకాధక అని ఒకటే ఉరుకు. మధ్యలో ఎవరిదో దగ్గు, ఆపైన గరగరమంటూ లాగిన ఊపిరి, మళ్లీ దగ్గు.

వెంటనే టైపు చేశాను: "అద్భుతం! డ్రమ్స్ మీద ఏమి పట్టు! మధ్యలో ఆ మానవ కంఠం! ఊపిరినే వాద్యం చేశాడు మహానుభావుడు!"

"గొంతుతోని గట్ల జేసుడు అందరితోని గాదు" అన్నాడు అంబదాస్.

సేఠ్ కూడా దిగాడు. "ఇది నా దగ్గర ఇరవై ఏండ్ల సంది ఉన్నది. దీని విలువ నాకు తెల్సు."

బొటనవేళ్లు వరసగా లేచాయి. నలభై!

చీర పక్కన పెట్టి స్వరాజ్యం లేచి వచ్చింది. "మల్లొక్కసారి పెట్టు."

"నీకు సమజ్ కాదు. జాజ్ అది."

"జాజ్ లేదు గీజ్ లేదు. గవి సాంచలు! మా నాయిన ముప్పై ఏండ్లు నడిపిండు, మరమగ్గం సప్పుడు నాకు తెల్వదా? గా దగ్గెటోనికి దమ్ము ఆడుతలేదయ్యా!"

అంతలో లస్మయ్య రెండో వాయిస్ వచ్చింది. "సేఠ్, పది పోన్లు జేసిన, ఎత్తుతలేరు. అందుకే దీంట్ల పెడుతున్న. రఘుపతికి నాలుగొద్దుల సంది జరం. గా దగ్గు ఇన్నరు గదా. పన్నెండు మందిమి లోపలున్నం, షట్టర్‌కు బయట తాళం ఉన్నది. జర తీపియ్యి సేఠ్, నీ కాల్మొక్త."

లాక్‌డౌన్‌లో మగ్గాలు నడపకూడదు. ఆ సంగతి పన్నెండు మందినీ లోపల పెట్టి తాళం వేయించిన సేఠ్‌కు బాగా తెలుసు. నిమిషంలో లస్మయ్యను గ్రూపులోంచి తీసేశాడు. నేను నా పొగడ్తను ఎలా చెరపాలా అని వెతుకుతున్నాను. స్వరాజ్యం ఫోన్ లాక్కుని 108కి, ఆ తర్వాత పోలీసులకు చేసింది. మధ్యాహ్నానికల్లా తాళం పగిలింది. రఘుపతిని ఆక్సిజన్ మీద పెట్టారు. పదకొండు రోజులకు బతికి బయటపడ్డాడు.

పోలీసులు సేఠ్ మీద కేసు పెట్టడంతో మండలి మాత్రం మూడో రోజుకల్లా చట్టపరమైన పనిలో పడింది. మగ్గాలు నడవలేదని, కార్మికులు క్షేమంగా షెడ్డులో విశ్రాంతి తీసుకుంటూ ఫోన్లో జాజ్ విన్నారని సేఠ్ వాదన. దానికి సాక్ష్యం మా పొగడ్తలే! "పై శబ్దం జాజ్ సంగీతమేనని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అన్న కాగితం నాతో టైపు చేయించాడు. "సంతకం పెట్టకుంటే మీకు జాజ్ తెల్వదని మీరే ఒప్పుకున్నట్టు" అని గ్రూపులో హెచ్చరించాడు. అంత అవమానం ఎవరు భరిస్తారు? నలభై మందీ సంతకాల ఫొటోలు పంపారు. మొదటి సంతకం నాది. స్వరాజ్యం ఆ రోజు నుంచి నాకు చాయ్ పెట్టడం మానేసింది.

ఇన్‌స్పెక్టర్ సేఠ్‌ను, నన్ను స్టేషన్‌కు పిలిచాడు. కాగితం రెండుసార్లు చదివాడు.

"అచ్ఛా. ఇది జాజేనా?"

"వంద శాతం సాబ్" అన్నాడు సేఠ్.

"మగ్గాలు నడవలేదు?"

"ఒక్కటి గూడ లేదు సాబ్."

"అంటే లాక్‌డౌన్‌లో పన్నెండు మందిని పోగేసి, బయట తాళం వేసి, సంగీత కార్యక్రమం పెట్టారు. ఇంత పెద్ద కార్యక్రమానికి పర్మిషన్ ఉందా?"

సేఠ్ కాగితం వెనక్కి తీసుకోబోయాడు.

"నిర్వాహకులు నలభై మంది. పేర్లు, సంతకాలు మీరే తెచ్చిచ్చారు. నాకు తిరుగుడు తప్పింది. షుక్రియా!" అని ఇన్‌స్పెక్టర్ కేసు డైరీ తెరిచాడు.

ఇల్లు చేరేలోపే నా ఫోన్ మోత మొదలైంది. అందరికంటే ముందు అంబదాస్. "నరహరన్నా, నాకు జాజ్ అంటే ఏందో తెల్వదని జర అర్జీ రాయి. గట్టిగ రాయన్నా!"

నలభై అర్జీలు టైపు చేశాను. "నేను పుట్టినది మొదలు నేటివరకు జాజ్ సంగీతము విని ఎరుగను. సదరు శబ్దము మరమగ్గముల శబ్దమని ఇప్పుడు తెలిసికొంటిని." మొదటిది నాదే. స్వరాజ్యం దాన్ని అక్షరం అక్షరం చదివి, "ఇన్నొద్దులల్ల గిదొక్కటి నిజం రాసినవ్" అని చాయ్ గ్లాసు నా ముందు పెట్టింది.

నలభై మంది తప్పుకున్నాక సేఠ్‌కు సాక్షి మిగల్లేదు. మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. గొంతు బాగా కిందికి దిగింది.

"నాది గూడ రాయి నరహరీ. గది జాజ్ గాదు. గవి నా సాంచలే. నేనే నడిపిచ్చిన. తాళం గూడ నేనే ఏపిచ్చిన."

రాశాను. రఘుపతి పేరు తెలిసీ అడిగాను. "మరి దగ్గింది ఎవరని రాయాలె సేఠ్?"

అవతల ఏవో కాగితాలు తిరగేస్తున్న చప్పుడైంది.

"పేరేందో లస్మయ్యనడుగు" అన్నాడు.