సిలిండర్‌లో ఉన్నది గాలే

తెల్లవారుజామున కురిసిన వాన తార్నాక రోడ్ల మీద ఇంకా పలచగా మెరుస్తోంది. 2011 సెప్టెంబర్, సకల జనుల సమ్మె మొదలై పన్నెండు రోజులైంది. బస్సులు లేవు, ఆటోలు లేవు. ఎప్పుడూ హారన్లతో అదిరిపోయే చౌరస్తా ఆ ఉదయం ఎవరి కలలోంచో వచ్చినట్టు ఖాళీగా, కొంచెం నీలంగా ఉంది.

నవనీత ఆ రోజు వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ తినాలి. భర్తను క్యాంపస్‌లోని ఈతకొలనుకు తీసుకెళ్లాలి. స్కూబా డైవింగ్‌కు భయపడాల్సిన పని లేదని నీళ్లలోనే చూపించాలి. మధ్యాహ్నంలోగా ఉత్తరం పంపాలి.

ఆమె యూనివర్సిటీలో జంతుశాస్త్రం చెబుతుంది. అండమాన్ దగ్గర పగడపు దిబ్బలను పరిశీలించే బృందంలోకి ఆమెను పిలిచారు. నవంబర్‌లో నెల రోజులు, అరవై అడుగుల లోతు దాకా దిగాల్సిన పని. డైవింగ్ ఆమె రెండేళ్ల కిందటే నేర్చుకుంది. వస్తానో రానో చెప్పడానికి ఈ రోజే గడువు. కానీ "మీ మనసు నిమ్మళమైతెనే పోత" అని భర్తకు మాట ఇచ్చేసింది. ఆ భర్త బుచ్చిరాములు ప్రభుత్వ గుమాస్తా. సమ్మెలో ఉన్నాడు కనుక దిగులు పడటానికి రోజంతా తీరికే.

"నేను వద్దన్ననా?" అన్నాడు ఉప్మా కెలుకుతూ. "ఆ ఆక్సిజన్ అయిపోతె ఎట్ల అంటున్న, గంతే."

"అది ఆక్సిజన్ కాదు. ఉత్త గాలి. మనం పీల్చేదే, ఒత్తి నింపుతరు."

"ఉత్త గాలికి గంత బరువేంది?"

డిపార్ట్‌మెంట్ నుంచి తెచ్చిన సిలిండర్ స్కూటర్ మీద ఎక్కడా కుదరలేదు. చివరికి దాన్ని బుచ్చిరాములు వీపుకే పట్టీలతో కట్టి, అద్దాల మాస్క్ నుదుటి మీదికి ఎక్కించి, వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరింది. దారి పొడుగునా జాగ్రత్తలు ఒక్కొక్కటీ చెప్పి, అతని చేత తిరిగి అప్పజెప్పించుకుంది.

క్యాంపస్ గేటు దగ్గర ఊరేగింపు అడ్డం వచ్చింది. "ఈడనే ఉండుండ్రి, బండి పెట్టొస్త" అని నవనీత వెళ్లింది. బుచ్చిరాములు చెట్టు కింద నిలబడ్డాడు. నాగేష్ అనే విద్యార్థి అతన్ని కింది నుంచి పైదాకా చూసి, చేతిలోని జెండా గాల్లోకి లేపాడు.

"అరే భాయ్, ఇటు చూడుండ్రి! టియర్ గ్యాస్‌కు ఇలాజ్ దొరికింది!"

నిమిషంలో యాభై మంది చుట్టూ చేరారు. "సార్, ఎంతసేపు వస్తది?"

బుచ్చిరాములుకు అబద్ధం చేతకాదు. "గంట. నిమ్మళంగ పీలిస్తె ఇంకొంచెం."

గేటు దద్దరిల్లింది. "నేను ఈతకు పోతున్న బిడ్డా" అని అతను చెప్పిన మాట డప్పుల్లో కలిసిపోయింది. "సార్ ముందల నడవాలె!" అంటూ అందరూ కలిసి అతన్ని మొదటి వరసలో పెట్టేశారు.

వంద గజాల అవతల, బందోబస్తుకు వచ్చిన సబ్ ఇన్‌స్పెక్టర్‌కు మాస్క్, సిలిండర్, వాటి మధ్య చెమటలు కక్కుతున్న ఒక పెద్దమనిషి కనిపించారు. మైకు అందుకున్నాడు.

"ఆ సిలిండర్ కింద పెట్టండి! మిగతావాళ్లు వెనక్కి జరగండి!"

మొదటి వరసలో గాలి అనుకున్నది రెండో వరసలో గ్యాస్ అయింది, పదో వరసలో బాంబు అయింది. బండి పెట్టి పరుగున వస్తున్న నవనీత చెవిన పడేసరికి, రాత్రే ఢిల్లీ నుంచి దిగిన మనిషి కూడా అయింది. రోడ్డు ఖాళీ అయిపోయింది. నడిమధ్యన బుచ్చిరాములు ఒక్కడే మిగిలాడు.

"విప్పనీకి వస్తలేదు సార్!" అని అరిచాడు. "మా ఇంటామె కట్టింది!"

ఎస్సై జాగ్రత్తగా దగ్గరికి వచ్చాడు. "లోపలేముంది?"

"గాలి సార్. మనం పీల్చేదే."

"పీల్చే గాలిని వీపు మీద మొయ్యడం ఎందుకండీ?"

బుచ్చిరాములు సంగతంతా చెప్పాడు. ఎస్సై ముఖంలో అనుమానం పోయి దిగులు మొదలైంది. "సముద్రంలో అది ఆగిపోతే?"

"నోట్ల పెట్టుకునేది ఇంకోటి ఉంటది సార్."

"సిలిండరే ఖాళీ అయితే?"

"మీటర్ చూసుకుంటనే ఉంటరు, గాలి ఉండంగనే మర్లుతరు. ఒక్కరే దిగరు, జోడీగ దిగుతరు. ఊపిరి బిగబట్టద్దు, దబ్బున పైకి రావద్దు. గంతే సార్."

"మరి సొరచేపలు?"

"వాటి పని వాటికుంటది. మన దిక్కు చూడయి."

ఇంత ధైర్యం తన గొంతులోంచి ఎలా వస్తోందో అతనికే అర్థం కాలేదు.

"మీకు భయం వెయ్యదా?"

"పొద్దున దాంక ఉండె సార్."

"ఏదీ, పీల్చి చూపించండి."

బుచ్చిరాములు గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. చల్లటి పొడి గాలి మెల్లగా లోపలికి వచ్చింది. దూరం నుంచి వస్తున్న కేకలు కూడా వినిపించకుండా పోయాయి. తన ఊపిరి తనకే వినిపించింది. యాభై రెండేళ్లుగా అది అలా వచ్చిపోతోందని అతను ఎన్నడూ గమనించలేదు.

ఎస్సై టోపీ తీసి తల గోక్కున్నాడు. "నన్ను ఈ డ్యూటీకి పంపడానికే మా ఆవిడ బెంగపెట్టుకుందండీ. ఆమెకో మాట ఇలాగే చెప్పి పెడతారా?"

నవనీత వచ్చి కలిసేసరికి, నీళ్లలో అది ఎలా పనిచేస్తుందో చూడాలని అందరూ వెంటపడ్డారు. కొలను తాళం తీసిన వాచ్‌మన్ ఎంకన్న, ఇద్దరికి బదులు అరవై మందిని చూసి పక్కకు తప్పుకున్నాడు. విద్యార్థులు ఒక గట్టున, కానిస్టేబుళ్లు ఇంకో గట్టున కూర్చున్నారు. నవనీత భర్త చెయ్యి పట్టుకుని ఛాతీ లోతు నీళ్లలో అతన్ని నెమ్మదిగా అడుగుకు దించింది.

కింద ఎండ వల అల్లినట్టు కదులుతోంది. పై లోకం గొడవంతా వాన చప్పుడులా సన్నగా వినిపిస్తోంది. బుడగలు ఒక్కొక్కటే వెండి గోలీల్లా పైకి పోతుంటే బుచ్చిరాములు వాటిని సాగనంపుతూ కూర్చుండిపోయాడు. పావుగంటకు నవనీత తల నీళ్లలో ముంచి బొటనవేలు పైకి చూపించింది. డైవింగ్‌లో దానికి 'ఇక పైకి పోదాం' అని అర్థం. అతను 'భేష్' అనుకుని తన వేలూ చూపించాడు. ఆమె మళ్లీ చూపింది. అతను ఈసారి రెండు చేతులతో చూపాడు. అలా ఒకరినొకరు మెచ్చుకుంటూ నలభై నిమిషాలు గడిచాయి.

పైకి రాగానే అతను అన్న మొదటి మాట: "నువ్వు పో నవనీతా. ఏం భయం లేదు. నేను గూడ వస్త."

"మీకు ఈతనే రాదు!"

"జోడీగ దిగాలంటివి గద? వేరేటోళ్లతోని ఎందుకు దిగుడు?"

ఉత్తరం గడువులోగానే వెళ్లింది. మర్నాటి నుంచి బుచ్చిరాములు రోజూ ఈతకు పోసాగాడు. అరవై అడుగుల లోతుకు జంకని నవనీత నాలుగడుగుల నీళ్ల గట్టున తువ్వాలు పట్టుకుని, రెప్ప వేయకుండా నిలబడేది. "పరేషాన్ కాకు, ఊపిరి తీసుకో" అని అతను నీళ్లలోంచి ధైర్యం చెప్పేవాడు.

సమ్మె ముగిసిన రోజు అతను ఆఫీసుకు వెళ్లి నెల రోజుల సెలవు అడిగాడు. కారణం అన్నచోట 'సముద్రం' అని రాశాడు. పై అధికారి సెలవు మంజూరు చేసి, సముద్రం తమ నీటిపారుదల శాఖ పరిధిలోకి రాదని పక్కన ఎర్రసిరాతో రాసిపెట్టాడు.