ముందు మీరే

శుక్రవారం పొద్దున, షిరాజ్‌లోని తన మూడో అంతస్తు గదిలో హూమన్ చాయ్ కాచుకుని, అలమరలోంచి రెండో గ్లాసు కూడా తీశాడు. ఎదురుగా మనిషెవరూ లేరు, లాప్‌టాప్ ఉంది. అందులోంచి తబ్రీజ్ నుంచి మహ్‌రూ మాట్లాడాలి.

ఇద్దరిదీ ఒకే కంపెనీ. ఏడాదిగా అంతా రాతలోనే. ఆమె గొంతెలా ఉంటుందో అతనికి తెలియదు. నంబరుంది గానీ, ఫోన్ చేయాలంటే సాకు కావాలి. బ్రౌజర్లోనే మాట్లాడుకునే పేజీని చెరో సగం రాశారు గనక, దాన్ని పరీక్షించడం మంచి సాకు.

ఇద్దరూ మీట నొక్కారు. గంట మోగి ఆగింది. మళ్ళీ మోగింది, మళ్ళీ ఆగింది.

మాట కలిసే ముందు ఒక బ్రౌజరు "నా గొంతు ఈ తీరు, బొమ్మ ఈ తీరు, ఈ దారిన నన్ను చేరవచ్చు" అని ప్రతిపాదన పంపాలి. రెండోది "వీటిలో ఇవి నాకు కుదురుతాయి" అని జవాబివ్వాలి. ప్రతిపాదనలు ఎదురుపడితే ఒకరు మర్యాదగా తమది వెనక్కి తీసుకోవాలి, ఒకరు మొండిగా నిలబడాలి. హూమన్ తన సగాన్ని మర్యాదస్థుడిగా రాశాడు. ఇరాన్‌లో పెరిగినవాడు ఇంకెలా రాస్తాడు? మహ్‌రూ కూడా అలాగే రాసింది. గుమ్మం దగ్గర "ముందు మీరు" అంటూ నిలబడిపోయిన అతిథుల్లా ఉన్నాయి రెండు బ్రౌజర్లూ.

"తప్పు నాదే మహ్‌రూ ఖానుమ్. నా వైపు మొండిగా మారుస్తున్నా," అని, పేరు చివర "గారు" లాంటి ఖానుమ్ చేర్చి మరీ రాశాడు.

"మీకెందుకు శ్రమ? నేనే మార్చేశా!"

ఈసారి రెండు మొండిఘటాలు ఢీకొన్నాయి.

"క్షమించండి, అడ్డొచ్చాను. వెనక్కి తగ్గుతున్నా."

"అయ్యో, తగ్గాల్సింది నేను. తగ్గాను కూడా."

మళ్ళీ ఇద్దరూ మర్యాదస్థులే.

"మీకివాళ పనున్నట్టుంది. ఇంకోసారి చూద్దామా?" కాదంటుందని మాటవరసకు రాశాడు.

"మీ మాట కళ్ళకద్దుకుంటాను, అలాగే చూద్దాం," అని రాసేసింది.

తలుపు చప్పుడైంది. కింది వాటాలోని తూరాన్ ఖానుమ్, చేతిలో వేడివేడి ఆష్ గిన్నె.

"కాస్త చారు కాచాను నాయనా, తీసుకో."

"ఎందుకమ్మా శ్రమ, ఇప్పుడే తిన్నా."

"పోనీ, రుచికి."

"మీ మీద ఒట్టు, కడుపు నిండుగా ఉంది."

మూడోసారి అడగ్గానే అందుకోవడం ఆచారం. హూమన్ చేతులు సిద్ధం చేసుకున్నాడు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. "సరేలే," అని గిన్నెతో సహా మెట్లు దిగిపోయింది. వేయించిన పుదీనా వాసన గుమ్మంలో మిగిలింది.

లోపలికొచ్చి ఖాళీ గ్లాసు వంక చూశాడు. మూడోసారి అడిగేవాళ్ళు ఈ గదికి ఎన్నడూ రాలేదు. కూర్చుని గబగబా రాశాడు: "మహ్‌రూ ఖానుమ్, నాకు పనేమీ లేదు. మీ గొంతు వినాలనుంది. మొండివాణ్ణి నేనే, మీరు దేన్నీ ముట్టుకోకండి."

పంపాక సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఉన్న ఒక్క స్నేహమూ పోగొట్టుకున్నాననుకున్నాడు.

గంట మోగింది. ఈసారి ఆగలేదు. కాస్త బొంగురుగా ఒక ఆడగొంతు నవ్వింది.

"పొద్దుటి నుంచీ ఈ మోటుమాట కోసమే కూర్చున్నానండీ. చాయ్ రెండుసార్లు కాచాను!"

పొద్దువాలే వేళకు, కాల్ ముగించబోతే "ముందు మీరే పెట్టేయండి" దగ్గర మళ్ళీ చిక్కుపడింది గానీ, ఆ లోపాన్ని ఇద్దరిలో ఎవరూ సరిదిద్దలేదు.